బేతాళుడి బరువు

కోరుట్లలో మా అక్క వాళ్లింట్లో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ ఒక కునుకు తీస్తారు, అక్క మనవడు తప్ప. వాడు ఫోన్ పట్టుకుని గోడకానుకుని కూర్చుంటాడు. మొన్న అట్లాగే కూర్చుని కిసకిసా నవ్వుతుంటే ఏం చూస్తున్నాడా అని తొంగిచూశాను. ఎప్పుడో దూరదర్శన్‌లో వచ్చిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’. విక్రముడి వేషంలో అరుణ్ గోవిల్ చెట్ల మధ్య నడుస్తున్నాడు. వీపు మీద తెల్లజుట్టు బేతాళుడు. ఆయన పెద్దగా నవ్వి గాల్లోకి లేస్తాడు, వీడు బొమ్మను వెనక్కి జరిపి ఆ లేవడమే మళ్లీ చూస్తాడు. ‘‘బేతాళుడంటే మా చిన్నప్పుడు మస్తు బుగులుండెరా’’ అన్నాను. ‘‘ఇండ్ల బుగులు పడేటిదేమున్నది తాతా?’’ అన్నాడు తల ఎత్తకుండానే. వాణ్ణి అనడానికి లేదు. అందులో భయపడడానికి నిజంగానే ఏమీ లేదు. అప్పుడూ లేదు. మరి మేం భయపడింది దేనికి? ఆ సాయంత్రం బస్సు కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటి సిరిసిల్ల చేరేదాకా ఆ మాటే నన్ను పట్టుకుని కూర్చుంది.

భయపడింది ఒక బొమ్మకు. సిరిసిల్లలో మా చిన్నతనంలో ‘చందమామ’ కొనే ఇళ్లు తక్కువ, చదివే ఇళ్లు ఎక్కువ. ఒక్క సంచిక వాడంతా తిరిగి, అట్ట ఊడిపోయి, పేజీల మీద వేళ్ల నూనె మరకలతో మా గడప తొక్కేది. వచ్చీరాగానే తెరిచే పేజీ ఒకటే. శ్మశానం, చెట్టు, పుర్రెలు, కత్తి దూసిన రాజు, భుజాన శవం. బొమ్మ మీద శంకర్ అని సంతకం. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్ అనీ, తమిళుడనీ, 1952లో చందమామలో చేరి పత్రిక మూతపడేదాకా దాన్ని విడిచిపెట్టలేదనీ నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. పద్మశ్రీ ఆ మరుసటి ఏడు వచ్చింది, తీసుకోవడానికి ఆయన లేకుండా. అవేవీ తెలియని రోజుల్లో మాత్రం, ఈ శంకర్ ఎవరో రాత్రిపూట మానేరు ఒడ్డు శ్మశానానికి పోయి చూసి వచ్చి వేస్తాడని మా గట్టి నమ్మకం. నెలనెలా దాదాపు అదే బొమ్మ. రాజు కాలు ఒక అడుగు ముందుకు పడిందా, శవం చెయ్యి ఇంకొంచెం కిందికి వేలాడిందా అని వెతికేవాళ్లం. కథలో ఏ రాకుమారి వచ్చినా, ఏ వర్తకుడు వచ్చినా ఒకటే. ఆ నడక సంగతే మాకు కావాలి.

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఉండేవి, చిత్రా గారి బొమ్మలతో. మాంత్రికులు, పాతాళాలు, పేరు తెలియని జంతువులు. అవి చదివితే ఒళ్లు జలదరించేది గానీ అది కోరి తెచ్చుకున్న జలదరింపు. పుస్తకం మూయగానే పోయేది. బేతాళుడు అట్లా పోయేవాడు కాదు. ఎందుకని? ఇన్నాళ్లకు నాకు తోచిన జవాబు, బరువు. మా ఊళ్లో బరువు మోసే మనిషి కనపడకుండా పూట గడవదు. సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాలోకి నూలు చుట్టిన బీములను భుజాలకెత్తుకుని తెచ్చేవాళ్లు. మెడ ఒక పక్కకు ఒరిగి, ఖాళీ చెయ్యి గాల్లో ఏదో వెతుక్కుంటూ, అడుగు తీసి అడుగు వేయడమే ఒక ఆలోచనగా నడిచేవాళ్లు. బీము ఎత్తుకున్న మనిషిని పలకరించొద్దని మాకు గట్టిగా చెప్పేవాళ్లు. మాట్లాడితే ఊపిరి తప్పుతుంది, ఊపిరి తప్పితే బరువు జారుతుంది. శంకర్ గీసిన రాజు నాకు ఆ బీము ఎత్తుకున్న మనిషిలాగే కనిపించేవాడు. అంత బరువు భుజాన ఉండగా, నోరు విప్పితే చేసిన కష్టమంతా పోతుందని తెలిసి ఉండగా, సరిగ్గా చెవి దగ్గర ఒక గొంతు తీరిగ్గా కథ మొదలుపెడుతుంది. శవం మాట్లాడడం కంటే, పనిలో ఉన్నవాణ్ణి మాట్లాడించాలని చూడడమే నాకు ఘోరంగా తోచేది.

మా వాడలో మొదటి టీవీ ఒక ఆసామి ఇంట్లోకి వచ్చింది. రామానంద్ సాగర్ 1985లో తీసిన ఆ సీరియల్ వస్తుందంటే అరుగు మీద చెప్పులు పెట్టే చోటు ఉండేది కాదు. మా దోస్తు ఒకడు ఉర్దూ మీడియంలో చదివేవాడు, వాడు మాకు హిందీ మాటలను తెలుగులో చెప్పేవాడు. చెప్పేవాడంటే, మధ్యమధ్య సొంతంగా కలిపేవాడు. బేతాళుడు నవ్వి ఊరుకున్న చోట కూడా వీడు నాలుగు మాటలు గుసగుసగా చెవిలో వేసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో కాస్తయినా భయం పుట్టించింది వాడొక్కడే. తెర మీద జరిగేది చూసి నాకు మొదటిరోజే ఉసూరుమంది. చందమామలో ఎన్నేళ్లుగానో మోస్తున్న శవం టీవీలోకి వచ్చేసరికి తేలికైపోయింది. బేతాళుడి వేషం వేసిన సజ్జన్ గారు వీపునంటుకుని ఊయలూగినంత సుఖంగా కూర్చున్నారు. రాజు నడుం వంగదు, మెడ ఒరగదు, చెమట పట్టదు. సాయంత్రం పూట బజారుకు పోతున్నట్టు పోతున్నాడు. సజ్జన్ గారిది మంచి గొంతు, అందులో వెటకారం ఉంది, ఆ సీరియల్ మొత్తంలో బాగున్నది ఆయనే. అదే చిక్కు. చూసేవాళ్లు బేతాళుణ్ణి ఇష్టపడి, వాడు ఎప్పుడెగిరిపోతాడా అని కూర్చున్నారు. ఎగిరిపోయిన తర్వాత మళ్లీ చెట్టుదాకా నడవాల్సిన మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంకో చిత్రం కూడా జరిగింది. 1987 జనవరిలో అదే సాగర్ గారి ‘రామాయణ్’ మొదలైంది. విక్రముడు రాముడయ్యాడు. ఆ ముఖం మారలేదు, ఆ చిరునవ్వూ మారలేదు. దాంతో పాత బేతాళ సీరియల్‌కు కూడా వెనక్కిపోయి విభూతి రాసినట్టయింది. రాముడికి శ్మశానంలో ఏమవుతుందని ఎవరు భయపడతారు? మా అక్క ఇప్పటికీ ఆ పాత ముక్కలు టీవీలో కనపడితే చెంపలు వేసుకుంటుంది, కత్తి పట్టుకుని దయ్యాన్ని మోస్తున్నవాడికి.

నేను అన్యాయంగా మాట్లాడుతున్నానేమో అని కూడా అనుకుంటాను. అప్పటి దూరదర్శన్ సీరియల్‌కు ఉండే ఖర్చెంత, హంగులెంత? పిల్లల కోసం తీసిన దానిలో పిల్లలు నవ్వితే అది ఓడినట్టా? కానీ చవక హంగుల మీద నాకు ఫిర్యాదు లేదు. 2009లో సాగర్ వాళ్లే కలర్స్ చానల్‌లో మళ్లీ తీశారు, 2018లో ఇంకొక చానల్‌లో మకరంద్ దేశ్‌పాండే బేతాళుడిగా వచ్చాడు. అక్కడా ఇక్కడా చూశాను. పొగ పెరిగింది, కంప్యూటర్ నిప్పులు పెరిగాయి. రాజు భుజం మాత్రం అంతే నిటారుగా ఉంది. కాయితం మీద నల్లసిరా గీతలతో ఒక మనిషి మోయించగలిగిన శవాన్ని ఇన్ని యంత్రాలు మోయించలేకపోయాయి.

మరి మూలానికి దగ్గరగా తీయలేదన్నది నా బాధా? అదీ కాదనుకుంటాను. పెద్దయ్యాక కథాసరిత్సాగరం చదివినప్పుడు తెలిసింది, మా చందమామే మూలానికి ఎంత దూరమో. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసినదాంట్లో రాజు ఉజ్జయిని విక్రమార్కుడు కాడు. పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. ఇది చదివి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. మన ధర్మపురి ముందు నుంచి పోయే గోదావరే. ప్రతిష్ఠానం శాతవాహనుల రాజధాని, ఆ శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుడి నాణేలు దొరికింది జగిత్యాల జిల్లా కోటిలింగాలలో, మళ్లీ అదే గోదావరి ఒడ్డున. ఒక భిక్షువు రోజూ వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు, పండులో రత్నం ఉంటుంది. ఆ రుణం తీర్చడానికే రాజు శవాన్ని మోయడానికి ఒప్పుకుంటాడు. చందమామ చదివే రోజుల్లో ఈ భిక్షువు ఊసు మాకు తగిలిన గుర్తే లేదు. రాజు ఎవరికోసం మోస్తున్నాడని మేం అడగనూ లేదు. మోయడమే ఆయన పని అనుకున్నాం. సోమదేవుడి దగ్గర ఆ నడక ఒక్క రాత్రిలో తీరిపోతుంది, పాతిక కథలకు సరి. చందమామలో పాత కథలు అయిపోయాక కొత్తవి పుట్టించారు, అవి వందలకు పోయాయి, రాజు యాభై ఏళ్లు పైబడి నడిచాడు. ముగింపు తీసేయడం అంటే మామూలు మార్పా? నిజం చెప్పాలంటే బేతాళ కథకు జరిగిన అన్నిటికన్నా భయంకరమైన మార్పు అదే, అన్నిటికన్నా గొప్పదీ అదే. అంటే మూలాన్ని మార్చినందుకు టీవీ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. మార్చి తేలిక చేసినందుకు ఉంది.

ఆ కథాసరిత్సాగరమే ఇంకో సంగతి చెప్తుంది. ఈ కథల మహాసముద్రానికి మూలమైన బృహత్కథను రాసిన గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడు. పందెంలో ఓడి, తనకు తెలిసిన భాషలన్నీ వదిలేసి మౌనం పట్టి అడవికి పోతాడు. అక్కడ పిశాచాల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, అందులో ఏడు లక్షల శ్లోకాలు తన నెత్తుటితో రాస్తాడు. రాజు ఆ భాష చూసి ఛీ అంటాడు. కవి ఒక్కో పత్రం జంతువులకు చదివి వినిపించి నిప్పులో వేస్తూ పోతాడు, ఒక లక్ష మిగులుతుంది. పుక్కిటి పురాణమే కావచ్చు. కానీ మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి దయ్యాల భాషలో మాత్రమే నోరు విప్పగలగడం నాకు మా ప్రాంతం కథలాగా వినిపిస్తుంది.

ఎందుకో చెప్పాలి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, కూలీలూ రైతులూ దొరల మీద ఎదురుతిరిగిన రోజులవి. అక్టోబర్ వచ్చేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి పదేళ్లు నా చందమామ రోజులు. ఊళ్లలో రాత్రి తలుపు చప్పుడైతే దయ్యం అని ఎవరూ అనుకోలేదు. దయ్యమైతే బాగుండునని అనుకున్నవాళ్లున్నారు. వచ్చినవాళ్లు అన్నలు కావచ్చు, పోలీసులు కావచ్చు. ఎవరొచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగుతారు. ఎవలొచ్చిండ్రు, ఎటు పోయిండ్రు, ఎవలు బువ్వ పెట్టిండ్రు. చెప్తే ఒక పక్కన కష్టం, చెప్పకపోతే ఇంకో పక్కన. మా నాయనమ్మ మాకు నేర్పిన మొదటి పాఠం ‘‘ఎవలడిగినా నాకెర్క లేదు అనుండ్రి’’ అని. అన్నం తినేటప్పుడు చెప్పేది, తల దువ్వేటప్పుడు చెప్పేది. సరిగ్గా ఆ రాత్రుల్లోనే, చిమ్నీ దీపం దగ్గర, నేను చదివే కథలో శవం రాజుతో అంటుంది, జవాబు తెలిసీ చెప్పకపోయావో నీ తల పగులుతుందని. చెప్పాడో, మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. నాకు ఆ షరతు కల్పన అనిపించలేదు. ఎవరో పెద్దమనిషి మా ఊరి సంగతి తెలుసుకుని పిల్లలకు అర్థమయ్యేటట్టు రాశాడనుకున్నాను. నాయనమ్మ తల ఎందుకు పగలలేదని కొన్నాళ్లు రహస్యంగా చూశాను కూడా.

అందుకే టీవీ బేతాళుడు ప్రశ్న అడిగినప్పుడు నాకు కడుపు మండింది. అడుగుతాడు, వెంటనే విక్రముడు చెప్తాడు. తరగతిలో ముందు బల్ల పిల్లవాడు చెయ్యెత్తినంత హుషారుగా చెప్తాడు. అతనికి పోయేదేమీ లేనట్టు. చందమామలో కూడా జవాబు పక్క పేరాలోనే ఉండేది, కాదనను. కానీ మేం దాని మీద అరచెయ్యి పెట్టేవాళ్లం. పెట్టి వాదించుకునేవాళ్లం. ముగ్గురిలో ఎవరు త్యాగి, ఎవరి తప్పు పెద్దది, రాజు చెప్పకుండా ఉండొచ్చు కదా, తెలియదని అబద్ధమాడొచ్చు కదా. ఆ అరచెయ్యి కింద రాజు ఒక్కోసారి ఒక పూటంతా ఆగిపోయేవాడు, భుజాన బరువుతో. మా అక్క చెయ్యి తీయనిచ్చేది కాదు. బేతాళ కథలో అసలు చోటు అదే. ప్రశ్నకూ జవాబుకూ మధ్య, మనిషి తనకు తెలిసినదాన్ని ఏం చేసుకోవాలో తేల్చుకోలేని చోటు. సీరియల్ తీసినవాళ్లకు అది ఖాళీ సమయం కింద కనపడి ఉంటుంది, కత్తిరించేశారు.

భయాన్ని ఇంత పొగుడుతున్నావు, నీ ప్రాంతం సంగతి నీకు తెలియదా అని ఎవరైనా అడగొచ్చు. తెలుసు. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే తోవలోనే కొండగట్టు. గాలి సోకిందని, మతి చెదిరిందని మనుషులను తెచ్చి అంజన్న గుడి దగ్గర రోజుల తరబడి ఉంచుతారు. బాణామతి, చేతబడి అన్న మాటలు మాకు పుస్తకాల్లోంచి రాలేదు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. ఆ వార్త చదివిన రోజు బేతాళుడి మీద రమ్యంగా నాలుగు మాటలు రాయడం కూడా తప్పేమో అనిపించింది. దయ్యాల కథలన్నీ ఒక్క గంపలో వేసి పారేయాలనిపించింది. పారేయలేకపోయాను. చేతబడి భయానికి ఎప్పుడూ ఒక ఇంటి నంబరు ఉంటుంది, పక్కింటి ముసలమ్మ పేరో, వాడ చివరి మనిషి పేరో ఉంటుంది. దానికి జవాబు ముందే తెలుసు, ప్రశ్న అడగదు. శంకర్ గీసిన శవానికి పేరు లేదు. అది ఎవరినీ చూపించి వీడే అనదు. న్యాయం ఎటుందో నువ్వే చెప్పమంటుంది, చెప్పినందుకు నువ్వే మూల్యం చెల్లించాలంటుంది. ఆ రెండు భయాలనూ ఒకే మాటతో పిలవడం నాకు ఇష్టం లేదు. టీవీ మీద నా ఫిర్యాదులో కూడా కొంత ఇదే ఉంది. మంచి భయాన్ని నవ్వులాటగా మార్చి చేతిలో పెడితే, రెండో భయం ఎక్కడికీ పోలేదు, తన చోట తాను ఉంది.

సోమదేవుడి 24వ కథ దగ్గర ప్రశ్నలు ఆగిపోతాయి. ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ల అడుగు జాడలు చూస్తారు. పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు చేసుకోవాలని మాట అనుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. మాట తప్పరాదు కనుక అట్లాగే చేసుకుంటారు. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడి ప్రశ్న. రాజు ఆలోచిస్తాడు, ఏమీ తోచదు, నోరు విప్పకుండా నడుస్తాడు. తెలిసి చెప్పకపోవడం కాదు కనుక తల పగలదు. మాట్లాడలేదు కనుక శవం ఎగిరిపోదు. అంతవరకూ ఏడిపించిన బేతాళుడే అప్పుడు మెచ్చి, నిన్ను బలివ్వడానికే ఆ భిక్షువు ఇదంతా చేస్తున్నాడని చెప్పి కాపాడతాడు. అంత తెలివిగల రాజును బతికించింది నాకెర్క లేదు అన్న ఒక్క నిజం. మా నాయనమ్మ చెప్పమన్నది ఆ మాటే. ఆమెకు అన్నీ ఎరుకే, అదొక్కటే తేడా.

ఈ ఒక్క ఘట్టాన్ని ఎవరైనా సరిగ్గా తీస్తే చూడాలని ఉంది. దానికి నిప్పులు అక్కర్లేదు, తెల్లజుట్టు అక్కర్లేదు, ఎగరడం అసలే అక్కర్లేదు. బరువు మోస్తున్న ఒక మనిషి, చెవి దగ్గర ఒక ప్రశ్న, ఆ తర్వాత రెండు నిమిషాలు అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు. సిరిసిల్లలో షూటింగు పెట్టుకుంటే నడిచి చూపించే మనుషులను నేనే పట్టుకొస్తాను. కాకపోతే ఆ ఆసామి ఇంట్లో టీవీ రెండు నిమిషాలు గమ్మునుంటే ఎవరూ కథ అనుకునేవాళ్లు కాదు. ఒకడు లేచి మిద్దెక్కి యాంటెనా తిప్పేవాడు.